నాలుగో నంబరు వాటా ఖాళీగానే ఉంది

"ఇల్లు పోయిందమ్మా. నిన్ననే ఎవరో తీసేసుకున్నారు."

లోసా ఆ మాట అంటున్నప్పుడు నాలుగో నంబరు వాటా తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది. గేటు అవతల ఈ దేశపు మూలవాసులైన మావోరీల పిల్ల మిరియామా, ఆమె పిల్లలిద్దరు. వాళ్ల కారు వెనక సీటు నిండా దుప్పట్లు. అద్దె బోర్డు ఇంకా కంచెకు వేలాడుతూనే ఉంది. మిరియామా ఆ బోర్డు చూసింది, లోసా ముఖం చూసింది, పిల్లల్ని కారెక్కించింది. గంట తిరక్కుండా ఒక తెల్ల జంట వస్తే లోసా తాళం తీసి గదులన్నీ చూపించింది. వాళ్లు నచ్చలేదని వెళ్లిపోయారు.

అదే ఆవరణలో అద్దెకుంటూ ఖాళీ వాటా తాళం చూసుకునే లోసాకు యజమాని మోర్టన్ హుకుం అది. "మావోరీలొద్దు. సముద్రం దాటొచ్చిన మీ ద్వీపాలవాళ్లు ఉన్నది చాలు. నువ్వే చెప్పి పంపెయ్. నీ వాటా నీకుండాలిగా?" అన్నాడు. మంచం పట్టిన తల్లిని పెట్టుకుని ఈ ఓటారా పేటలో ఇంకో ఇల్లు వెతుక్కోవడమంటే లోసాకు గుండెల్లో రాయి పడింది. తమ చేతికి మట్టంటకుండా మన నోటితోనే మనవాళ్లను గెంటించడం ఈ యజమానులకు వెన్నతో పెట్టిన విద్య.

ఆదివారం ప్రార్థన అయ్యాక మిగతా ఆరు వాటాలవాళ్లూ తవీటా ముసలాయన గ్యారేజీలో చేరారు. బోర్డు వేలాడుతుండగానే ఇల్లు లేదన్నారని చర్చిలో చెప్పుకున్న మిరియామానూ పిలిచారు. మాంసం ఫ్యాక్టరీ యూనియన్‌లో తిరిగే సెఫీనా లేచింది.

"జాతి చూసి ఇల్లు లేదనడానికి చట్టం ఒప్పుకోదు. ఎదురు తిరిగామని పగబట్టి ఖాళీ చెయ్యమని నోటీసిచ్చినా చెల్లదు. అద్దె తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి పోదాం."

"చట్టమొచ్చి మన సామాన్లు మోస్తుందా?" తవీటా కసిరాడు. "రోడ్డున పడితే మీ యూనియన్ వండిపెడుతుందా?"

"నోరు మూసుకుంటే మాత్రం ఉండనిస్తాడా మావా? ఒక్కో వాటా ఖాళీ చేయించుకుంటూ నీ గుమ్మం దాకా రాడూ?"

"సర్లేవే. సాక్ష్యమెవరిస్తారు? మావోరీలకివ్వనని వాడన్నప్పుడు విన్నదెవరు?"

లోసా గోడ పట్టుకుని లేచింది.

"నేను విన్నా. ఈ పిల్లకి ఇల్లు లేదని చెప్పిందీ నేనే. భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది."

"తెలుసక్కా," అంది మిరియామా. "నీ గుప్పిట్లోంచి తాళంచెవి కనబడుతూనే ఉంది. పిల్లలతో కార్లో పడుకునేదాన్ని, భయమంటే నాకు తెలీదా?"

శనివారం అద్దె వసూలుకు మోర్టన్ వచ్చేసరికి నాలుగో వాటా గుమ్మం ముందు చెప్పుల కుప్ప. ఫ్యాక్టరీ బూట్లు, రబ్బరు చెప్పులు, పిల్లల బడి జోళ్లు. లోపల ఆరు వాటాల జనం నేలమీద బాసింపట్లు వేసుక్కూర్చున్నారు. మధ్యలో కార్లోని దుప్పట్లు దించి పరుచుకుని మిరియామా, ఆమె పిల్లలు.

"ఎవరు తీశారు తాళం?"

"నేనే." లోసా తాళంచెవి పైకెత్తి చూపించింది. "ఈ ఇల్లు ఖాళీగానే ఉంది. మావోరీలకివ్వొద్దని నువ్వు నాతో అన్నావు. ట్రిబ్యునల్లోనూ ఇదే చెబుతా."

"నీకు నోటీసొస్తుంది!"

"ఆరు రాసుకు రా బాబూ," అన్నాడు తవీటా, కూర్చున్నచోటి నుంచే. "ఒక్కదానికే ఇస్తే మేమూరుకోం."

మోర్టన్ ఫోను తీసి పోలీసులను పిలిచాడు. కాసేపటికి వీధి చివర సైరన్ మోగింది. లోసా పక్కనున్న మిరియామా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎవరూ లేచి చెప్పులు తొడుక్కోలేదు.