ఒక్క దీర్ఘం

ఆఫీసులో ఆమెను అందరూ దీర్ఘాలమ్మ అంటారు. సీరియల్ మాటలు టైపు చేసే గదిలో పదమూడేళ్ళుగా కూర్చుంటోంది. ఆమె చేతిమీదుగా పోయిన కాగితంలో కొమ్ము ఎగిరిపోదు, దీర్ఘం జారిపోదు. అలాంటి మనిషి దగ్గర తప్పు దొర్లిందంటే దాన్ని దొర్లించిందనే అర్థం.

ఇప్పటి సీరియల్‌కి మాటల రచయితగా వచ్చి పడ్డవాడు ఆమె ఒకప్పటి మొగుడు. పదేళ్ళ కిందట చెప్పాపెట్టకుండా ఇంకొకామెతో వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టుండక, "మా ఆవిడ దేవత, నన్నెప్పుడో క్షమించేసింది" అని చుట్టాలిళ్ళన్నిటా చాటింపు వేశాడు. ఆమె ఆఫీసులో ఉన్న వేళ చూసి ఇంటికొచ్చి, ఆమె తల్లి చేతి భోజనం చేసి పోతుంటాడు. "నేను క్షమించలేదు మొర్రో" అంటే తల్లి వినదు. "పైకి అంటావు గానీ, నీ కడుపులో మాట నాకు తెలీదూ!" అంటుంది. దెబ్బ కొట్టినవాడే నొప్పి లేదని ఊరంతా చెప్పుకొస్తే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు.

తీస్తున్నది తాతల కాలం నాటి ప్రేమ నవల. చదవనివాళ్ళకి కూడా అందులో చివరి మాట తెలుసు. విడిచిపోయినవాడు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే నాయిక "నిన్ను క్షమించాను" అంటుంది. రచయిత ఆ కాగితాలు బల్లమీద పడేసి, "చూసి కొట్టు. నీకు అలవాటైన మాటేగా" అని ఇకిలించాడు.

ఆమె చూసే కొట్టింది. 'చా' కొట్టాల్సినచోట 'చ' కొట్టింది.

సెట్లో నాయిక కాగితం చూసి తెల్లబోయిందట. "ఉన్నది చెప్పమ్మా, అవతల టైమవుతోంది" అని దర్శకుడు విసుక్కున్నాడు. "నిన్ను క్షమించను" అందామె, కంట చుక్క నీరు లేకుండా. చేతులు చాపుకుని నిలబడ్డ నాయకుడు నిజంగానే నోరు వెళ్ళబెట్టాడు. దర్శకుడికి ఆ నోరు నచ్చి అలాగే ఉంచేశాడు.

ప్రసారమైన మర్నాడు జనం ఆఫీసు ఫోను కింద పెట్టనివ్వలేదు. "బంగారంలాంటి నవలని గొంతు నులిమారు గదయ్యా, మీ చేతులు పడిపోను!" అని ఓ రిటైరైన మాస్టారు. "ఇరవై ఏళ్ళుగా నా నోట రాని మాట ఆ పిల్లచేత అనిపించారు, చల్లగా ఉండండి" అని ఓ నర్సు వెక్కిళ్ళు. మాస్టార్లు పదిమందైతే నర్సులు వందమంది.

రచయిత గదిలోకి దూసుకొచ్చాడు. "ఇది నీ పనే. నీ ఉద్యోగం ఊడబీకిస్తా చూడు!"

వెనకే నిర్మాత వచ్చి అతన్ని వాటేసుకున్నాడు. "ఏం తెగింపయ్యా! ఆ మార్పు ఎవరికి తట్టింది?"

రచయిత ఆమె వంక చూశాడు, నిర్మాత వంక చూశాడు. "నాకే సార్" అన్నాడు.

ఎలుక బోనులోకి తనే నడిచి, తలుపు కూడా తనే వేసుకుంది.

ఆదివారం పొద్దున టీవీలో ప్రేక్షకుల ప్రశ్నలు. కొత్త చొక్కా తొడుక్కుని రచయిత లైవులో కూర్చున్నాడు. "వదిలేసి పోయినవాణ్ణి ఏ ఆడది క్షమిస్తుందండీ? పైకి నవ్వినా లోపల క్షమించదు. ఆడవాళ్ళ మనసు నేను చదివినవాణ్ణి."

"భలే చెప్పాడే! ఆ సీరియల్లో పిల్ల కూడా అంతే, ఆడదంటే అలా ఉండాలి" అంది తల్లి చప్పట్లు కొట్టి.

"పదేళ్ళుగా నేను చెబుతున్నదీ అదేగా అమ్మా."

తల్లి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. దీర్ఘాలమ్మ తెరమీది నంబరు కలిపి ఫోను ఆమె చెవిన పెట్టింది. "నా మాట నమ్మవుగా. ఆయన్నే అడుగు."

"ఎవరండీ మాట్లాడేది?" అంది యాంకరు.

"మీ రచయితగారి అత్తగారిని."

తెరమీద ముఖం సున్నం కొట్టినట్టయింది.

"అల్లుడుగారూ, ఇప్పుడన్నది నిజమా, మా ఇంట్లో తింటూ అన్నది నిజమా? మా అమ్మాయి క్షమించిందని చెప్పి పదేళ్ళు నా చేతి కూడు తిన్నారే... తిన్నావు కదరా! కన్నకూతురి మాట నన్ను నమ్మనిచ్చావట్రా?"

"అత్తయ్యా, అది... ఇక్కడ కాదు..."

టక్కున సబ్బు ప్రకటన వచ్చింది.

"పెట్టేశారే!" తల్లి ముక్కు చీది, కుర్చీ ముందుకు లాక్కుంది. "మళ్ళీ కలుపు. నేనింకా సగమే అన్నాను."