దాహమయ్యే సైకిలు

కొత్తవాడలో మగ్గాల చప్పుడు మొదలయ్యే వేళకు కొమురెల్లి సైకిలు వెనక జంపఖానాలు కట్టుకుని నర్సంపేట తొవ్వ పట్టేవాడు. ఊరూరా తిరిగి అమ్ముకుని, ఎండ వాలకముందే ఇల్లు చేరాలని రోజూ అనుకునేవాడు. ఏ రోజూ చేరేవాడు కాదు. ఆ సైకిలుకు దాహమయ్యేది మరి.

అది వాళ్ళ నాయిన రాయమల్లుది, నిజాం కాలం నాటి ఉక్కు ఫ్రేము. బావి కనబడితే ఆగేది, బోరింగు కనబడినా ఆగేది. పెడలు మీద లేచి నిలబడి తొక్కినా చక్రం కదిలేది కాదు. హ్యాండిలు మీద చెంబెడు నీళ్ళు పోస్తేనే బయలుదేరేది. బోరింగుల దగ్గర ఆడవాళ్ళు "అగో, సైకిలొచ్చింది, జర జరుగుండ్రి" అని బిందెలు పక్కకు తీసేవాళ్ళు. కొమురెల్లికి ఏనాడూ దక్కని మర్యాద అది.

ఆలస్యమైతే బాధ మాత్రం ఇంట్లో ఉన్న తల్లి మొగిలమ్మది. రాయమల్లు ఒక ఎండాకాలం ఆ తొవ్వలోనే వడదెబ్బకు పడిపోయి ప్రాణం విడిచాడు. ఆ పొద్దున ఆమె సీసాలో నీళ్ళు పోసి ఇవ్వబోతే "తొవ్వ పొడుగూత బాయిలే గదనే" అని నవ్వి వెళ్ళాడు. ఆమె మళ్ళీ చెప్పలేదు. అప్పటి నుంచి సైకిలు ఇల్లు చేరేదాకా మొగిలమ్మ గుక్కెడు నీళ్ళు ముట్టదు. ఈ వేసవిలో నడుం నొప్పితో కూలబడితే దవాఖానలో డాక్టరమ్మ కోప్పడింది. ఇట్లాగే ఎండబెట్టుకుంటే కిడ్నీలు చెడిపోతాయి, మనిషి దక్కదు అంది. అయినా మొగిలమ్మ వినలేదు.

కొమురెల్లి సైకిలును మండిబజారులో లియాఖత్ అలీ కొట్టుకు నడిపించుకు పోయాడు.

"చాచా, దీనికి నీళ్ళ సీసా పెట్టెతందుకు గూడు బిగించాలె. దాని నీళ్ళు అదే మోస్తే యాడా ఆగది."

లియాఖత్ అలీ పైపును గోటితో కొట్టి విన్నాడు. "రంగు గీకాలె, రెండు బొక్కలు పెట్టాలె. ఇసుంటి ఉక్కు మళ్ళ దొరకది, ఎరికేనా?"

"ఎరికే చాచా. మా అవ్వ గూడ దొరకది."

మొగిలమ్మ సంగతి తెలిసిన ముసలాయన పని అందుకున్నాడు. అవి మండుటెండల్లో వచ్చిన రంజాన్ ఉపవాసాల రోజులు. పైపుకు రెండు బొక్కలు వేసి, నట్లు కూర్చి, ఇత్తడి కరిగించి అతికాడు. ఇనుప కడ్డీ వంచి గూడు చేశాడు.

"రోజా ఉండి మంట ముందల కూసున్నవు. రేపు జేద్దువు గదా," అన్నాడు కొమురెల్లి.

"నాది ఒక్క నెల. మీ అవ్వది ఎన్నేండ్ల రోజా?"

సాయంత్రం ఉపవాసం విడిచే సైరన్ మోగేదాకా ఆ సైకిలు కూడా నీళ్ళు అడగలేదు. లియాఖత్ అలీ ఖర్జూరం నోట్లో వేసుకుని, తాను తాగేముందు దాని హ్యాండిలు మీద ఇన్ని పోశాడు.

మేడారం జాతరలో కొన్న ప్లాస్టిక్ సీసా ఆ గూట్లో చక్కగా కూర్చుంది. మర్నాటి నుంచి సైకిలు బావుల ముందు నుంచి దర్జాగా వెళ్ళిపోయేది. కొమురెల్లి పెందరాళే ఇల్లు చేరేవాడు, మొగిలమ్మ పెందరాళే నీళ్ళు తాగేది. అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

ఒక మధ్యాహ్నం సైకిలు మళ్ళీ ఆగింది. అక్కడ బావి లేదు, బోరింగు లేదు. రాయమల్లు పడిపోయిన మలుపు అది.

"నిండు సీస పెట్టుకోని ఏం రోగమే నీకు?" అని తిట్టి కొమురెల్లి సగం నీళ్ళు హ్యాండిలు మీద పోశాడు. అది కదల్లేదు. విసుగ్గా అటూ ఇటూ చూస్తే, గట్టు కింద గొర్రెలు ఒకేచోట మూగి ఉన్నాయి. వాటి మధ్య ముసలి కాపరి ఎల్లస్వామి వెల్లకిలా పడి ఉన్నాడు.

కొమురెల్లి సైకిలును గట్టు దింపి, దాని మీద జంపఖానా పరిచి నీడ చేశాడు. అంత వడగాలిలోనూ సైకిలు ఒరగకుండా నిలబడింది. తడిగుడ్డతో మొహం తుడిచి, ముసలాయన కళ్ళు తెరిచాక మిగిలిన నీళ్ళు గుటక గుటకగా తాగించాడు. ఇన్నేళ్ళూ అది తనకోసం నీళ్ళు అడుగుతోందనుకున్నారు అందరూ. ఈ మలుపు దాకా నీళ్ళు తీసుకురమ్మని అడుగుతోందని కొమురెల్లికి అప్పుడు తెలిసింది. అతనికి ఏడుపు ఆగలేదు.

గొర్రెలను అటుగా వచ్చిన బండాయనకు అప్పగించి, ఎల్లస్వామిని సైకిలు మీద తీసుకెళ్ళి నర్సంపేట దవాఖానలో చేర్చి వెనక్కి తిరిగేసరికి పొద్దు వాలింది. సీసా ఖాళీ. అయినా సైకిలు ఏ బావి దగ్గరా ఆగలేదు. అవ్వ ఏమైపోయిందోనని అతను ఊపిరి ఎగబోస్తూ తొక్కాడు.

మొగిలమ్మ గడపలో కూర్చుని ఉంది. చేతిలో తడి గిలాస.

"అవ్వా, నీళ్ళు తాగినవా?"

"తాగిన బిడ్డా. మిట్టమధ్యాహ్నం మగ్గం మీద ఉన్ననా, ఒక్కసారే గొంతు సల్లబడ్డది. మీ నాయిన తాగిండు అనిపిచ్చింది. లేచి కుండల ముంచుకోని కడుపునిండ తాగిన."

మొగిలమ్మ లేచి, సైకిలు గూట్లోంచి సీసా తీసి, కుండ దగ్గర కూర్చుని మూతి దాకా నింపింది. మూత గట్టిగా తిప్పి మళ్ళీ గూట్లో పెట్టింది.

"రేపు నేనే నింపి ఇస్త," అంది. "వద్దంటె గూడ ఇస్త."