మౌనగదిలో ముప్ఫై బొమ్మలు

బొమ్మలమ్మ మొండిఘటం. ఈ మాట సొంత చెల్లెలే పదిమందిలో అంటుంది, అదీ ఆమె ఎదురుగానే. అరవై రెండేళ్ళ మనిషి, ముక్కు మీద కోపం, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు. నలభై ఏళ్ళుగా ముఖాలు గీయడం తప్ప మరో పని ఎరగదు. ఎవరైనా ఫోటో పట్టుకొచ్చి ఇలా గీసిపెట్టమంటే గుమ్మంలోంచే సాగనంపేస్తుంది. "మనిషిని తీసుకురా నాయనా. చూసిందే గీస్తాను, చూడనిది గీయను," అంటుంది. దేవుడున్నాడా అని అడిగినా ఆమె దగ్గర ఇదే జవాబు.

వాళ్ళమ్మ అలా కాదు. రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని పావుగంట కదలకుండా కూర్చునేది. ఏడేళ్ళప్పుడు బొమ్మలమ్మ వెళ్ళి, "కళ్ళు మూసుకుంటే ఏం కనిపిస్తుందమ్మా?" అని అడిగింది. "నువ్వూ మూసుకుని చూడు, తెలుస్తుంది," అంది తల్లి. మూసుకుంటేనా! ఆ పావుగంటా కళ్ళింత చేసుకుని తల్లి ముఖమే చూస్తూ కూర్చునేది. పెద్దయ్యాక అమ్మ బొమ్మ గీస్తానంటే, "రేపు కూర్చుంటాలేవే," అని తల్లి ఏళ్ళకేళ్ళు వాయిదా వేసింది. ఆవిడ పోయాక, ఎదురుగా లేని మనిషిని గీసేది లేదని ఈవిడ భీష్మించుకుంది. అలా ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి, అమ్మ బొమ్మ మాత్రం ఇంట్లో లేదు.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ ఊరి పెద్దాసుపత్రి నాలుగో అంతస్తులో కొత్తగా ఒక గది కట్టారు. అందులో ఏ దేవుడి పటమూ పెట్టరు. రోగుల తాలూకు మనుషులు వచ్చి మొక్కుకోవచ్చు, ఏడవచ్చు, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చోవచ్చు. దాన్ని మౌనగది అన్నారు. గోడలు మరీ బోసిగా ఉన్నాయని పెద్ద నర్సుకు ఒక ఆలోచన వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసే ముప్ఫైమంది ముఖాలు పెన్సిలుతో గీయించి, ఒక్కొక్కరి కింద వాళ్ళు చెప్పిన ఒక్క మాట రాయించాలి. వాళ్ళను అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే. దేన్ని నమ్ముకుని బతుకుతున్నావు?

దేవుడంటే గిట్టని మనిషి ఆ పని ఎందుకు ఒప్పుకుందంటే, ముప్ఫై ముఖాలు కాబట్టి. ముఖాల పేరు చెబితే బొమ్మలమ్మ ఎక్కడికైనా వస్తుంది.

పని బ్రహ్మాండంగా నడిచింది. బొమ్మలకు ముందే అందరి మాటలూ అడిగేసింది. బట్టలుతికే ఆవిడ, "మరక పోతుందని నమ్మకపోతే నీళ్ళలో చెయ్యే పెట్టను," అంది. లిఫ్టు నడిపే అతను బుర్ర గోక్కుని, "తలుపు మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. నాకు తెలిసింది అంతేనమ్మా," అన్నాడు. బొమ్మలమ్మ ఆ మాటలన్నీ పొల్లు పోకుండా రాసుకుంది. వీళ్ళు ఇంత తేలిగ్గా ఎలా చెప్పేస్తున్నారా అని లోలోపల కాస్త కుళ్ళుకుంది కూడా.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. ముఖమంతా పూర్తయ్యేదాకా కళ్ళ జోలికి పోదు. చివర్లో పెన్సిలు పక్కన పెట్టి, ఎదుటి మనిషి కళ్ళలోకి రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ తర్వాత తల దించి, మళ్ళీ ఎత్తకుండా ఒక్క ఊపులో రెండు కళ్ళూ వేసేస్తుంది. మధ్యలో ఎవరు పిలిచినా పలకదు. నలభై ఏళ్ళలో ఆ కళ్ళు ఒక్కసారి తప్పలేదు.

ఇరవై రెండు బొమ్మలయ్యాక తేడా మొదలైంది. తలుపు చట్రం వంకరగా కనిపించింది. వడ్రంగిని తిట్టింది. స్కేలు వంగిపోయిందని కొత్తది కొంది, అదీ వంగింది. ఎదుటి మనిషి ముఖం మధ్యలో ఎవరో వేలితో చెరిపినట్టు మసక. బల్బు మార్చింది, అద్దాలు తుడిచింది, కాగితాన్ని తిట్టింది. తన కళ్ళను తప్ప లోకంలో అన్నిటినీ అనుమానించింది. అలాగే మరో ఏడు బొమ్మలు పూర్తి చేసింది. ఎవరూ వంక పెట్టలేదు. అసలే కోపిష్టి, పైగా పేరున్న చిత్రకారిణి, ఎవరు నోరు విప్పుతారు?

విప్పేది చెల్లెలే. ఆవిడ దర్జీ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో బొమ్మలు. మౌనగదికి పరదాలు కుట్టే పని ఆవిడే తీసుకుంది. ఒకరోజు పొద్దున, పరదా రంగు బొమ్మలకు నప్పుతుందో లేదో చూద్దామని, కొత్తగా గీసిన ఏడు బొమ్మల్నీ బల్ల మీద వరసగా పరిచింది. చూసింది. చేతిలో గుడ్డ జారి కింద పడింది.

"అక్కా," అంది, "అమ్మను ఏడుసార్లు గీశావేంటే?"

"నీ మొహం! లిఫ్టతను అమ్మలా ఉన్నాడా?"

"మీసం అతనిదే, కళ్ళు మాత్రం అమ్మవి. ఎడమ రెప్ప చూడు, ఇంత కిందికి వాలిపోయి! ఏడుగురికీ వాలిందే!"

బొమ్మలమ్మ ఒంటికాలి మీద లేచింది. తనకు బొమ్మలు నేర్పడానికి గుండీలు కుట్టుకునేవాళ్ళు బయల్దేరారంది. చెల్లెలు తిరిగి అరవలేదు. అక్క చెయ్యి పట్టుకుని, ఆ వేలిని ఒక్కో బొమ్మలో ఎడమ కన్ను మీదికి నడిపించింది. ఓరగా చూస్తే అప్పుడు కనిపించింది. వాలిన రెప్ప. కిటికీ పక్కన కుర్చీలోంచి లేస్తూ తనకేసి చూసే అమ్మ. చూసిందే గీస్తానని ఊరంతా చాటుకున్న మనిషి, ఏడుసార్లు చూడకుండా గీసింది. కళ్ళు చూడలేకపోయిన చోట, తల దించుకున్న ఆ కాసేపట్లో, చెయ్యి తనకు మొట్టమొదట వచ్చిన ముఖాన్ని తెచ్చి పెట్టేసింది.

కంటి డాక్టరు కుర్రది, మాట మాత్రం నిక్కచ్చి. "చూపు నడిమధ్య పాడవుతోందమ్మా. మందుతో కాస్త నిలబెట్టొచ్చు, పోయింది మాత్రం రాదు. అంచుల చూపు ఉంటుంది."

"ముఖాలు?"

"ముందుగా పోయేవి అవే."

డాక్టరమ్మాయి మెల్లగా చెప్పింది. "మీరు చూడాలనుకున్నదాన్ని సూటిగా చూడకండి. కాస్త పక్కకు చూడండి. అప్పుడు అంచులో కనిపిస్తుంది. నేర్చుకుంటే వస్తుంది."

"నలభై ఏళ్ళు మనుషుల్ని సూటిగా చూసి బతికినదాన్ని నేను."

"ఇకమీద పక్కగా చూసి బతకండి," అంది ఆ పిల్ల. దాని ధైర్యానికి బొమ్మలమ్మకు కోపం రావాలి. రాలేదు.

గది తెరవడానికి పన్నెండు రోజులుంది. పెద్ద నర్సు సంగతంతా విని ఆమె చెయ్యి నిమిరింది. "వదిలేయండి బొమ్మలమ్మా. వాళ్ళందరికీ నచ్చాయి. మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు."

"నాకు తెలిసింది చాలదూ? దేన్ని నమ్ముతావని అడిగితే దాచుకోకుండా చెప్పారు వాళ్ళు. ఆ మాట మీద నేను దొంగ కళ్ళు పెట్టి గోడకు తగిలించనా? చస్తే తగిలించను. ఆ ఏడుగుర్నీ మళ్ళీ కూర్చోబెట్టండి."

"కనిపించకుండా ఎలా గీస్తారు?"

"అది నా తలనొప్పి."

తలనొప్పి కాదు, నరకం. ఇంట్లో చెల్లెల్ని మిషను ముందు కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టింది. కళ్ళు చూడాలంటే చెవికేసి చూడాలి. చూపు అలవాటు కొద్దీ మధ్యకు పరిగెత్తేది, ముఖం మాయమయ్యేది. మొదటిరోజు ముక్కు చెంప మీదికి పోయింది. చెల్లెలు చూసి, "నాకు పెళ్ళి కాకముందే ఇది గీసుంటే బావుండేదే, నన్నెవరూ చేసుకోకపోదురు, హాయిగా ఉండేదాన్ని," అంది. బొమ్మలమ్మ నవ్వలేదు. కాగితం చించి ఇంకొకటి పెట్టింది. మూడోరోజుకు గది నిండా చించిన కాగితాలే. నాలుగోరోజు గోడకు తల ఆనించి ఏడ్చింది. చెల్లెలు ఓదార్చబోతే కసిరింది. ముఖం కడుక్కుని వచ్చి, "కూర్చో, కదిలావంటే చంపుతా," అంది. పాత పద్ధతికి కూడా నీళ్ళు వదిలేసింది. ఇప్పుడు కళ్ళే ముందు, అదీ గీతకొక్కసారి తలెత్తి చూసి. చెయ్యిని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదనుకుంది. ఆరోరోజున, చెల్లెలి కళ్ళు కాగితం మీద చెల్లెలి కళ్ళలాగే ఉన్నాయి. ఎడమ రెప్ప వాలలేదు.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళి, ఒక్కొక్కరినీ పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి గానీ చెప్పింది. లిఫ్టతను పడీపడీ నవ్వాడు. "అంటే అందరికీ నచ్చింది నేను కాదా, మీ అమ్మగారా!" బట్టలుతికే ఆవిడ నవ్వలేదు. "మా పిల్లలు ఆ పాత బొమ్మ చూసి, అమ్మ అలిసిపోయినట్టుంది పాపం అని ఆ రోజు గిన్నెలు తోమారమ్మా. అది కూడా నాకే ఇచ్చేయండి," అంది. కూర్చున్నవాళ్ళకు తమాషాగా ఉండేది. "అటు చూస్తారేంటమ్మా, నేనిక్కడున్నాను!" అనేవాళ్ళు. "నీ చెవిని చూస్తేనే నీ కళ్ళు కనిపిస్తున్నాయి, కదలకు," అనేది.

ఆరుగురు అయ్యారు. మిగిలింది చల్లగది పెద్దాయన.

ఆయన ఆసుపత్రి అడుగు అంతస్తులో శవాల గది చూసుకుంటాడు. అందుకే ఆ పేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని ఒకటే. ముఖం మీద గుడ్డ తీసి, వచ్చిన బంధువును, "వీరేనా?" అని అడగాలి. వాళ్ళు చూసి ఔననాలి. అది అన్నాకే కాగితం మీద సంతకం. ముఖం ఎవరిదో తేల్చే మనిషి ఆయన. నోటికి అబద్ధం రాదు. మొదటిసారి తన బొమ్మ చూసినప్పుడు ఔననలేదు, కాదనలేదు, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంగతి బొమ్మలమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"అప్పుడే తెలిసిందా మీకు?" అని అడిగింది.

"తెలిసిందమ్మా. ఆ కళ్ళు నావి కావు. ఎవరో మీకు కావలసిన మనిషివి. ఎలా చెప్పను?"

ఆయన చెప్పిన మాట పాతదే. "పోయినవాళ్ళను వెనక్కి పిలవలేను. గుడ్డ మాత్రం సరిగ్గా కప్పుతాను." దాన్ని ఇదివరకే రాసుకుంది. ఇప్పుడు మాటల్లేవు. మూడు గంటలు ఆయన ఎడమ చెవినీ కుడి చెవినీ మార్చి మార్చి చూస్తూ గీసింది. మెడ పట్టేసింది. రెండుసార్లు చూపు నడిమధ్యకు జారి ముఖం ఆరిపోయింది. రెండుసార్లూ పళ్ళు బిగించి పక్కకు లాక్కుంది. ఆయన కనుకొలకుల్లో, నవ్వితే పడే గీతలు కాక, ఇంకొకరు ఏడుస్తుంటే చూసి చూసి పడ్డ గీతలున్నాయి. సూటిగా చూసిన రోజుల్లో అవి తన కంటపడేవా అని అనుమానం వచ్చింది ఆమెకు.

పూర్తయ్యాక బొమ్మను బల్ల మీద పెట్టి, పైన తెల్లకాగితం కప్పింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ఆయన లేచి వచ్చి నిలబడ్డాడు. ఆమె కాగితం తీసింది.

"వీరేనా?"

చల్లగది పెద్దాయన వంగి చాలాసేపు చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా తను అడుగుతూ వచ్చిన ప్రశ్నకు మొదటిసారి తను జవాబు చెప్పాలి. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఔనమ్మా. ఇతనే."

బొమ్మలమ్మ కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన పక్కన నిలబడి ఊరుకున్నాడు. ఏడ్చేవాళ్ళ పక్కన ఎలా నిలబడాలో ఆయనకు బాగా తెలుసు.

ఆసుపత్రివాళ్ళలో కూర్చున్నది ఇరవై తొమ్మిదిమందే, ముప్ఫయ్యో చట్రం ఖాళీగా ఉంది. అందులో మీ బొమ్మే పెట్టండి అని పెద్ద నర్సు మొదట్నుంచీ పోరుతోంది. నమ్మకం లేనిదాన్ని, నా బొమ్మ అక్కడెందుకని ఈవిడ కసురుతూ వచ్చింది. గది తెరిచే రోజు పొద్దున, చెల్లెలు పరదాలు మడత పెడుతుంటే, బొమ్మలమ్మ కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా ఎవరూ లేరు. ఒళ్ళో కాగితం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పావుగంట కదల్లేదు. తర్వాత కళ్ళు తెరిచి, దేనికేసీ చూడకుండా, గంటలో గీసేసింది.

చెల్లెలు వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంట్లో అమ్మ. అదే కుర్చీ, అదే కిటికీ.

"అమ్మ కళ్ళు మూసి గీశావేంటే?"

"తెరిస్తే ఎనిమిదోసారి అవుతుంది," అంది బొమ్మలమ్మ.

తర్వాత పెన్సిలు మళ్ళీ అందుకుని, చూపు పక్కకు పెట్టి, వంకరటింకర అక్షరాలతో, ముప్ఫయ్యో చట్రంలోకి వెళ్ళే ఆ బొమ్మ కింద తన మాట రాసింది: "చూసిందే గీస్తానన్నాను. చెయ్యి వినలేదు."