గంట కొట్టేదాకా

రేకు గరాటు మూతిని సంచి నోట్లోకి దూర్చి, మోకాలితో సంచిని గోడకి అదిమిపెట్టి, అతను ధాన్యపు పొట్టు వంచాడు. పొట్టు సరసరమంటూ జారింది. సగం నిండగానే పొట్టి కర్రతో నాలుగు పోట్లు పొడిచి, మళ్ళీ వంచాడు. చుట్టూ కుట్టిన కుచ్చిళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుని, గుండ్రటి సంచి పొట్ట పెంచుకుని దిండయింది. దాన్ని తూకం పళ్ళెంలో పడేసి, ఒక గుప్పెడు తీసేసి, బల్ల మీదుగా పక్కకి తోశాడు. పక్క మెషీను దగ్గరావిడ జిప్పు లాగి, మూతి కుట్టేసి, అట్టముక్క తగిలించింది. ఆ షెడ్డులో ఆవిడని అందరూ జిప్పులావిడ అంటారు.

ఈ దిండ్లు తల కింద పెట్టుకునేవి కావు. వీటి మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, వచ్చే పోయే ఊపిరిని చూసుకుంటూ ఉండాలి. సముద్రాలవతలి దేశాల్లో ఆఫీసుల్లో, స్కూళ్ళలో, ఆఖరికి జైళ్ళలో కూడా ఇప్పుడు అలా కూర్చుంటున్నారట. నిద్ర పట్టనివాళ్ళకి డాక్టర్లే చెబుతున్నారట. మేనేజరు మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు అతను నమ్మలేదు. తను గోడ దూకి పారిపోయి వచ్చినదాన్ని జనం కొనుక్కుని మరీ ఇంటికి తీసుకెళ్తారంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

అతన్ని సన్నాసి అంటారు. చిన్నతనంలో కొన్నేళ్ళు కొండ మీది బౌద్ధ ఆరామంలో గుండు చేయించుకుని, కావి బట్ట కట్టుకుని ఉన్నాడు కనక ఆ పేరు. పిలిచేవాళ్ళలో సగంమంది వేళాకోళానికి పిలుస్తారు, మిగతా సగంమందికి అసలు పేరు తెలియదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. భుజాలు ముందుకి వంగిపోయాయి. కనుబొమ్మల మీద, చెవుల మడతల్లో ఎప్పుడూ పొట్టు ధూళి ఉంటుంది. ఇంటికెళ్ళి ఎంత రుద్దుకున్నా పోదు. షెడ్డులో నిలబడి పనిచేసేవాడు అతనొక్కడే. భోజనం కూడా గోడకి ఆనుకుని నిలబడే చేస్తాడు. నేల మీద కూర్చోమంటే మాత్రం నిప్పుల మీద కూర్చోమన్నట్టు మొహం పెడతాడు.

దిండుకి తగిలించే అట్టముక్క మీద అతని బొమ్మ వేయించారు. గుండు, మూసిన కళ్ళు, పెదవుల మీద చిరునవ్వు. కింద 'ఒకప్పటి సన్యాసి స్వహస్తాలతో నింపినది' అని ఉంటుంది. బొమ్మలోవాడు అతనికంటే చాలా సుఖంగా ఉంటాడు.

ఆ ఉదయం షెడ్డులోకి వస్తూనే అతను మేనేజరు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, ఇవాళ మూడింటికి నన్ను వదిలెయ్యాలి. మా అక్క ఆసుపత్రిలో ఉంది. ఆడవాళ్ళ వార్డు. నాలుగు నుంచి అయిదు దాకే మగవాళ్ళని రానిస్తారు."

"ఇవాళా?" అన్నాడు మేనేజరు. "ఇవాళ దిండ్ల కంపెనీ ఆవిడ వస్తోందని తెలుసుగా? అంత దూరం నుంచి నిన్ను చూడ్డానికేనయ్యా వచ్చేది. దిండ్లు చూడాలంటే ఫొటోలు చాలు."

"నిన్న నర్సమ్మ చెప్పింది సార్. రేపు తప్పకుండా రండి, ఎల్లుండికి పెట్టుకోకండి అని."

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆ మాట విని కాసేపు బల్ల మీది పెన్ను అటూ ఇటూ దొర్లించాడు. "రెండింటికల్లా వచ్చేస్తారు. ఒక అరగంట వాళ్ళతో కళ్ళు మూసుకుని కూర్చో. మూడింటికి నేనే పంపిస్తాను. సరేనా?"

సరే అనక ఏం చేస్తాడు? గేటు లోపలికి వచ్చాక సాయంత్రం ఆరయ్యేదాకా ఎవరూ బయటికి పోకూడదు. కాపలాదారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్ళ సంచులూ పోయేవాళ్ళ సంచులూ తడుముతూ ఉంటాడు. మేనేజరు మాట లేకపోతే పిల్లిని కూడా వదలడు.

తల్లి పోయాక ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని తండ్రి అతన్ని తీసుకెళ్ళి ఆరామంలో అప్పగించాడు. అక్కడ తెల్లవారకముందు, మధ్యాహ్నం, పొద్దుగూకాక, గంట కొట్టింది మొదలు మళ్ళీ గంట కొట్టేదాకా కదలకుండా కూర్చోవాలి. కాళ్ళు ముందు తిమ్మిరెక్కేవి, తర్వాత మండేవి, తర్వాత అసలున్నాయో లేదో తెలిసేది కాదు. కదిలితే వెనకనుంచి పెద్ద భిక్షువు బెత్తం భుజం మీద పడేది. జ్ఞానం ఎవరికి దక్కిందో గాని, అతనికి దక్కింది మోకాళ్ళ నొప్పి.

ఆ రోజుల్లోనే వీపున సంచులు మోసుకుంటూ దూరదేశాలవాళ్ళు రావడం మొదలుపెట్టారు. మోకాళ్ళు మడతపడక, కోట్లు చుట్టచుట్టి కింద పెట్టుకుని వెనక వరసలో కూర్చునేవాళ్ళు. కొందరు కళ్ళు మూసుకునే ఏడ్చేవాళ్ళు. లేచి వెళ్ళిపోవచ్చు కదా, వీళ్ళనెవరు ఆపుతారు అని అతనికి ఆశ్చర్యంగా ఉండేది. తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళు కావి బట్టలూ, ప్రార్థనలూ, బెత్తమూ అన్నీ ఇక్కడే వదిలేసి, కూర్చోవడం ఒక్కటే పట్టుకెళ్ళారు. ఆ చుట్టచుట్టిన కోటే ఇప్పుడు దిండై, ఆరు రంగుల్లో అతని మోకాలి దగ్గరికి తిరిగొచ్చింది.

రెండయింది. ఎవరూ రాలేదు. మూడయింది. దారిలో ఉన్నారు, ఇంకాసేపు ఆగమన్నాడు మేనేజరు. అతను గరాటు సంచిలో పెట్టకుండానే పొట్టు వంచేశాడు. నేలంతా పొట్టు.

"అన్నా, కాస్త కూర్చో," అంది జిప్పులావిడ. వెంటనే నాలిక్కరుచుకుని, "అదే, నిలబడే ఉండు గాని స్థిమితంగా ఉండు," అంది.

"రేపు వస్తావుగా అని అడిగింది నిన్న అక్క. వస్తానన్నాను."

"వెళ్ళిపో. నేను చెప్తాలే కడుపునొప్పని."

"గేటు?"

ఆవిడ గేటు వైపు చూసి, జిప్పు లాగింది.

నాలుగు కావస్తుండగా కారు వచ్చింది. దిండ్ల కంపెనీ ఆవిడ పొడగరి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నవ్వితే కళ్ళ కింద ముడతలు పడుతున్నాయి. దారిలో ఆలస్యమైనందుకు ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పింది. అతని దగ్గరికి వచ్చి, పొట్టు అంటిన అతని చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో చాలాసేపు చెప్పింది. మేనేజరు దాన్ని తెలుగులో చెప్పాడు. మొదట్లో గడగడా చెప్పినవాడు పోను పోను నెమ్మదించాడు.

"వాళ్ళబ్బాయి పోయాడట. ఏడాదిపాటు మంచం దిగలేదట ఈవిడ. ఎవరో ఇలా కూర్చోవడం నేర్పారట. ఏమీ ఆలోచించకుండా, ఒక్క ఊపిరి, ఆ తర్వాత ఇంకో ఊపిరి చూసుకుంటూ... అలా లేచిందట. ఇది మీ చోట పుట్టింది కదా, మీకు దండం పెట్టుకుందామని వచ్చానంటోంది."

ఆవిడ మొహం చూస్తే అబద్ధం కాదని తెలుస్తూనే ఉంది. తను తప్పించుకుని పారిపోయిన చోటే ఈవిడ తలదాచుకుంది. బిడ్డ పోయిన తల్లికి తన గోడు అర్థమవుతుందేమో అనిపించి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, మా అక్క ఆసుపత్రిలో..."

"తర్వాత, తర్వాత," అని మేనేజరు అతని భుజం తట్టి, ఆవిడతో వాళ్ళ భాషలో ఇంకేదో అన్నాడు. ఆవిడ సంతోషంగా తల వంచి నమస్కరించింది. తన మాటల్ని ఆయన ఏం చేశాడో అతనికి ఎప్పటికీ తెలియదు.

మెషీన్లు ఆపేశారు. బల్లలు పక్కకి లాగి, నేల ఊడ్చి, కొత్త దిండ్లు వరసగా పరిచారు. షెడ్డు నిండుగా కనబడాలని మేనేజరు కాపలాదారుని కూడా లోపలికి పిలిచి ఒక దిండు చూపించాడు. అతను లాఠీ ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత మొహమాటంగా కూర్చున్నాడు. ఫొటోలు తర్వాత చూసుకుందాం, ముందు అందరం నిజంగా కూర్చుందాం అంది ఆవిడ. సన్నాసి ముందు గిన్నెలాంటి కంచు గంట పెట్టి, చివర గుడ్డ చుట్టిన చిన్న కర్ర చేతికిచ్చింది. మొదలుపెట్టేదీ ముగించేదీ మీరే, మీరు మళ్ళీ గంట కొట్టేదాకా మేమెవరం కళ్ళు తెరవం అని చెప్పించింది.

గోడ గడియారంలో నాలుగు దాటింది. అతను దిండు వైపు చూశాడు. తను నింపినదే. మోకాళ్ళు టకటకమంటుండగా దాని మీద కూలబడి, గంట మీద ఒక్క దెబ్బ కొట్టాడు. అందరి కళ్ళూ మూతపడ్డాయి.

నిశ్శబ్దంలో షెడ్డు రేకులు ఎండకి చిటపటలాడటం వినబడింది. కాసేపటికి ఎవరో గురక మొదలుపెట్టారు. పాపం, పగటిపూట ఇంత విశ్రాంతి దొరకడం వాళ్ళకి అదే మొదలు. అతని కాళ్ళు తిమ్మిరెక్కసాగాయి. దాని వెనకే, ఎన్నేళ్ళ కిందటిదో ఆ దగ్గు వినబడింది.

అప్పుడు వాన. ఆరామం తలుపు మూసి ఉంది. మధ్యాహ్నపు గంట కొట్టి కూర్చోబెట్టారు. తలుపవతల మెట్ల మీద ఎవరో దగ్గారు. అక్క దగ్గు. చలికి తట్టుకోలేని దగ్గు, ఇంట్లో రాత్రుళ్ళు పక్కనే పడుకుని విన్నది. బస్సు మారి, కొండెక్కి వచ్చింది. లేవాలి. వెనక బెత్తం ఉంది. గంట కొడతారులే, కొట్టగానే పరుగెత్తుదాం అనుకున్నాడు. దగ్గు మరోసారి వినబడింది. చాలాసేపటికి మూడోసారి. తర్వాత వినబడలేదు. గంట కొట్టాక తలుపు తీస్తే, మెట్టు మీద గొడుగు ఉంది. తమ్ముడికి గొడుగు వదిలేసి, ఆఖరి బస్సు అందుకోవాలని అక్క వానలో వెళ్ళిపోయింది. ఆ నెల తిరక్కుండానే అతను ఆ గొడుగు పట్టుకుని గోడ దూకి ఆమె దగ్గరికి చేరాడు. ఆ రోజు లోపలున్నావా అని అక్క అడగలేదు, ఉన్నానని అతను చెప్పలేదు. ఆమె ఇస్త్రీ పని చేసి అతన్ని పెంచింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని నవ్వి పంపేసింది.

అతను కళ్ళు తెరిచాడు. తెరిచి ఉన్న కళ్ళు అవొక్కటే. మేనేజరు మూతి బిగించి, పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా కళ్ళు మూసుకున్నాడు. దిండ్ల కంపెనీ ఆవిడ చెంప మీద ఒక చుక్క జారుతోంది. కాపలాదారు తల గుండె మీదికి వాలింది.

గంట కొడితే అందరూ లేస్తారు. టీలు, ఫొటోలు, దండాలు. అయిదయిపోతుంది. కొట్టకపోతే ఎవరూ లేవరు.

ఆ మాట తట్టగానే రెండు చేతులూ నేలకి ఆనించి లేచాడు. తిమ్మిరెక్కిన కాలు వేలాడింది. బల్ల పట్టుకుని నిలదొక్కుకుంటుంటే జిప్పులావిడ ఒక కన్ను తెరిచింది. అతన్ని చూసింది. ఆ కన్ను గట్టిగా మూసేసింది.

చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాడు. గేటులోని చిన్న తలుపు గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి, అవతలికి వెళ్ళి, మెల్లగా దగ్గరికి వేశాడు. ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే పోనీ అని కూడా అనుకోలేదు, అంత తీరిక లేదు. కదులుతున్న బస్సెక్కి, పైనున్న కడ్డీ పట్టుకోబోతే పట్టు చిక్కలేదు. చూసుకుంటే చేతిలో గంట కర్ర ఉంది. అక్కడ ఇప్పుడు గంట ఉంది గాని కర్ర లేదు. పాపం, ఎంతసేపు కూర్చుంటారో.

వార్డు తలుపు దగ్గర ఆయా అడ్డం నిలబడింది. "అయిదు కావస్తోంది. ఇప్పుడా రావడం?"

"చూసి వెళ్ళిపోతానమ్మా."

అక్క మంచంలో మరీ చిన్నదైపోయింది. కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. అతను దగ్గరికి రాగానే పెదవులు కదిలాయి.

"పనెగ్గొట్టి వచ్చావా?"

"లేదక్కా. అందర్నీ కూర్చోబెట్టి వచ్చాను." సంగతంతా చెప్పాడు. ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగేదాకా అతను ఆమె వీపు నిమిరాడు.

"అక్కా, ఆ వాన రోజు నేను లోపలే ఉన్నాను. నీ దగ్గు వినబడింది. లేవలేదు."

"తెలుసులేరా," అంది అక్క. "తలుపు సందులోంచి చూశాను. నీ చెవులు కనబడ్డాయి. ఎర్రగా ఉన్నాయి."

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. తను ఇన్నేళ్ళూ మోసిన బరువు ఆమె ఎప్పుడో దింపేసిందన్నమాట. ముక్కు తుడుచుకుని, కర్ర తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ఇంక ఇది నీ దగ్గరే ఉంటుంది. నువ్వు గంట కొట్టేదాకా నేను లేవను."

"గంటేదిరా?"

"మంచం ఊచ ఉందిగా. దాని మీద కొట్టు."

"చూస్తాలే," అంది అక్క, కళ్ళు మూసుకుంటూ.

కుర్చీ లేదు. అతను మంచం పక్కన నేల మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనకుండా కూర్చోవడం అతని జన్మలో అదే మొదటిసారి. ఆమె ఊపిరి వినబడుతోంది. వెళ్ళేది గీరుకుంటూ వెళుతోంది, వచ్చేది ఆలస్యంగా వస్తోంది. ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. ఆ పొడగరి ఆవిడ చెప్పింది ఇదేనేమో అనుకున్నాడు. అయిదయిందని ఆయా వచ్చి పిలిచింది. అతను కదల్లేదు. భుజం తట్టబోయి, మంచం వైపు చూసి ఆగింది. వెళ్ళి నర్సుని పిలుచుకొచ్చింది.

నర్సు అక్క మణికట్టు పట్టుకుని చూసి, మెల్లగా దించి, "లేవండి," అంది. అతను లేవలేదు. దుప్పటి మీద, విచ్చుకున్న అక్క వేళ్ళకీ మంచం ఊచకీ మధ్య, గుడ్డ చుట్టిన ఆ చిన్న కర్ర పడి ఉంది.