సున్నం చుక్కలు

మోచేతుల మీద సున్నం చుక్కలు ఆరేదాకా ఆగి, వీరేశం చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకున్నాడు. సకల జనుల సమ్మెకు బస్సులు బందై, గోపన్‌పల్లి ఆఫీసు గేటు కాసే వీరేశం, నర్సయ్య ఇద్దరూ వారంగా సెల్లార్‌లోనే పడుకుంటున్నారు. అక్కడ నీళ్లు నిలిచి, దోమలు పీక్కు తింటున్నాయి.

“గోకకురా, పుండైతది. జర ఓర్సుకో, సున్నంతోని తగ్గుతది,” అంటూ తంబాకులో కలిపే సున్నం డబ్బీ తీసి రాసింది నర్సయ్యే. ఈ నౌకరీ పెట్టించిందీ ఆయనే. చుక్కలు కనిపిస్తాయని వీరేశం సిగ్గుపడితే, తన నిండు చేతుల యూనిఫాం చొక్కా ఇచ్చి, అతని పొట్టి చేతులది తాను తొడుక్కున్నాడు.

తొమ్మిదింటికి తేజస్విని మేడం కారు గేటు దగ్గర ఆగింది. ఆఫీసు నిర్వహణంతా ఆమెదే. నర్సయ్య చేతుల మీది చుక్కలు ఆమె కంట పడ్డాయి.

“ఆ తెల్ల మచ్చలేంటి? అంటుకునే జబ్బా?”

“దోమలు కుట్టినయి మేడం, సున్నం రాసిన. కావాలంటే వీరేశాన్ని అడుగుండ్రి,” అన్నాడు నర్సయ్య.

ఆమె వీరేశం వైపు తిరిగింది. “నీకూ ఉన్నాయా?”

చొక్కా లోపల చేతులు భగ్గుమంటున్నాయి. “నాకేం లేవు మేడం.”

“మరి ఆయనకి?”

“ఏమో మేడం. నాకెర్కలేదు.”

నర్సయ్య రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

నిన్న రోడ్డు మీద ఊరేగింపు పోతుంటే గుంపులో దూరి “జై తెలంగాణ” అని గొంతు చించుకున్నది ఈ వీరేశమే. ఒంటరిగా నిలబెట్టి అడిగితే మాత్రం ఆ గొంతు ఏమవుతుందో! బడిలో తన తప్పుకు పక్కవాడు దెబ్బలు తిన్నప్పుడూ, తల్లి నలుగురిలో తన భార్యను కడిగేసినప్పుడూ ఇదే వరస. అప్పుడు తల దించుకోవడం, తరువాత తనను తానే తిట్టుకోవడం. నలభై ఏళ్ల బతుకంతా ఇంతే.

మధ్యాహ్నానికి సెక్యూరిటీ ఏజెన్సీ జీపులో నర్సయ్య బదులు కొత్త మనిషి దిగాడు. నర్సయ్య సొంత బట్టలు కట్టుకుని, చేసంచితో గేటు దగ్గరికొచ్చాడు.

“అన్నా...” అన్నాడు వీరేశం. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

నర్సయ్య డబ్బీని అతని జేబులో వేశాడు. “ఉంచుకోరా. పొద్దుగూకితే మళ్ల కుడ్తయి,” అని లింగంపల్లి దిక్కు నడిచిపోయాడు. కోపం లేదు, కనీసం ఒక్క తిట్టు లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కాసేపటికి దురద తట్టుకోలేక వీరేశం కొత్త మనిషికి వీపు తిప్పి డబ్బీ మూత తీశాడు. మెత్తని సున్నంలో నర్సయ్య వేలు పెట్టి తీసిన గుంట, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.