మందుల బీరువా తాళంచెవి

బుధవారం పొద్దున పదిన్నరకు ఖోలా ఆరోగ్య కేంద్రంలో లొవెనెస్ చనిపోయింది. బిడ్డ బతికింది. ఆ కేంద్రానికున్న ఒకే ఒక్క నర్సు ఎస్నార్ట్ అప్పుడు రాజధాని లిలోంగ్వేలో ఉంది.

దేశంలో నర్సుల కొరత తీర్చే ప్రణాళిక కోసం అక్కడ సమావేశం పెట్టారు. మారుమూల కేంద్రాల వాళ్లు స్వయంగా వచ్చి చెప్పుకోవాలన్నారు. ఎస్నార్ట్ మొదట రానంది.

"నేనొస్తే ఇక్కడ కాన్పులెవరు చూస్తారు సార్?"

"నువ్వు రాకపోతే ఖోలాకి ఇంకో నర్సు కావాలని ఎవరడుగుతారమ్మా?" అన్నాడు జిల్లా అధికారి ఫోనులో. "ఒక్క రోజుకి కొంప మునగదులే."

ఆమె బస్సెక్కింది. ఎక్కే ముందు మందుల బీరువాకు తాళం వేసి, చెవి సంచిలో వేసుకుంది. పోయినేడాది మందులు దొంగల పాలయ్యాక పెట్టిన నియమం: తాళంచెవి నర్సు దగ్గరే ఉండాలి.

సమావేశంలో ఒకాయన నర్సు చదువు చదివినవాళ్లు ఇళ్లలో ఖాళీగా ఉన్నారనీ, జీతాలకు డబ్బు లేదనీ చెప్పాడు. ఎస్నార్ట్ చెల్లెలు ఆ చదువు పాసై బజారులో టమాటాలు అమ్ముతోంది. ఆ సంగతి చెప్పడానికి లేచింది. ఫోను మోగింది.

జైలోసి. పల్లెల్లో సైకిలు మీద తిరిగి పిల్లలకు టీకాలు వేసే మనిషి.

"సిస్టర్, లొవెనెస్‌కి కాన్పయింది. రక్తం ఆగట్లేదు. సూది నేను వేస్తా. తాళంచెవి ఎక్కడ?"

ఆమె చెయ్యి సంచి మీదికి వెళ్లింది.

"పగలగొట్టు."

"ఇనుప బీరువా సిస్టర్!"

"గొడ్డలి తెప్పించు. పగలగొట్టన్నా!"

జైలోసి పగలగొట్టాడు. సూది వేశాడు. అప్పటికి లొవెనెస్ పిలిస్తే పలకడం లేదు.

మర్నాడు పూడ్చిపెట్టాలి. ఆ పల్లెల ఆచారం ప్రకారం మట్టి వేసే ముందు మేనమామ నిలబడి, పోయిన మనిషికి ఏం జబ్బు చేసింది, ఎక్కడికి తీసుకెళ్లారు, ఎవరేం చేశారు, అందరి ముందూ చెప్పాలి. ఆ మాటల్లో తప్పు ఎవరి మీద పడితే వాళ్లకు ఇక ఆ ఊళ్లో మంచినీళ్లు పుట్టవు.

ఎస్నార్ట్ బస్సు దిగిన చోటే జైలోసి అడ్డం వచ్చాడు.

"నువ్వు రావద్దు సిస్టర్. లొవెనెస్ మేనమామ కలియాటి ఏం చెబుతాడో తెలీదు. నిన్ను ఊళ్లోంచి వెళ్లగొడితే కేంద్రం మూసుకోవడమే."

"చెప్పేటప్పుడు నేనక్కడ ఉండాలన్నా."

ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. ఎస్నార్ట్ చివర కూర్చుంది. పక్కావిడ తన బట్ట అంచు దగ్గరికి లాక్కుంది.

కలియాటి చెప్పాడు. నొప్పులు మొదలవడం, ఎడ్లబండి, బిడ్డ, రక్తం. "మందు బీరువాలో ఉంది," అని ఆగాడు. "తాళంచెవి సిస్టర్ సంచిలో ఉంది. సిస్టర్ లిలోంగ్వేలో ఉంది."

లొవెనెస్ తల్లి నాబండా తల తిప్పింది. ఒళ్లో పసిబిడ్డ ఉంది.

"అక్కడికి ఎందుకెళ్లావే?"

"ఇంకో నర్సుని అడగడానికి పెద్దమ్మా."

"ఇస్తామన్నారా?"

"ప్రణాళికలో పెడతామన్నారు."

"ఎప్పుడంట?"

"చెప్పలేదు."

నాబండా తమ్ముడి వైపు చూసింది. "చెప్పింది చాల్లే కలియాటీ. మట్టి వెయ్యండి." తర్వాత ఎస్నార్ట్‌తో అంది, "బిడ్డ బొడ్డు తడిగా ఉంది. రేపు తీసుకొస్తా, చూడు."

శుక్రవారం కేంద్రం తెరిచారు. నాబండా బిడ్డను తెచ్చింది.

వానలు వెళ్లాక ప్రణాళిక అచ్చయి వచ్చింది. ఖోలాకు రెండో నర్సు అని అందులో ఉంది. నర్సు రాలేదు. బీరువాకు కొత్త తాళం వేశారు. దాని రెండో చెవి జైలోసి ఇంట్లో మేకుకు వేలాడుతోంది.