కిటికీ వైపు తిరిగిన వరుస

ఎడమ ఎటో తెలిసిన మనిషి, పసిపిల్లల వరుస మొత్తం కుడికి తిరుగుతుంటే కళ్ళారా చూసి కూడా నోరు మెదపకపోతే, ఆ తప్పు ఎవరిది? ఆ కరాటే క్లబ్బులో ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు తెలియక కాదు.

క్లబ్బంటే గొప్పగా ఊహించుకోనక్కరలేదు. టైర్ల దుకాణం మీద రేకుల కప్పు వేసిన పొడవాటి హాలు. ఒక గోడకు వరుసగా కిటికీలు, ఎదుటి గోడకు చెప్పుల అర, నేలంతా అంచులు లేచిన నీలం చాపలు. కింది నుంచి వచ్చే రబ్బరు వాసనకు అలవాటు పడినవాళ్ళే అక్కడ నిలదొక్కుకుంటారు. హాలును నడిపేది మాస్టారు. ఆయన దగ్గర చేరిన మొదటి ఆడపిల్ల ఆయన సొంత మేనకోడలు. మావయ్య చూపుడువేలు పట్టుకుని ఆ మెట్లెక్కిన పిల్ల నల్ల బెల్టు తెచ్చుకుంది, పెళ్ళి చేసుకుంది, కూతుర్ని కన్నది, ఆ కూతురు పాకడం నేర్వకముందే తిరిగొచ్చి పిల్లల బ్యాచ్ చేపట్టింది. నలుగురైదుగురితో ఈసురోమంటున్న ఆ బ్యాచ్‌ను హాలు పట్టనంతగా పెంచింది ఆమే. న్యాయం మాట్లాడదలచుకున్నవాళ్ళు ముందుగా ఈ మాట ఒప్పుకోవాలి.

మాస్టారి మోకాలికి శస్త్రచికిత్స జరిగి, ఆయన కొంతకాలం ఇంటిపట్టున ఉండవలసి వచ్చింది. కాలు దిండు మీద పెట్టుకుని, మేనకోడల్ని పిలిపించారు.

"పెద్దల బ్యాచ్ నువ్వు చూసుకో అమ్మాయ్. వాళ్ళకి నల్ల బెల్టున్న మనిషి కావాలి. పిల్లల్ని పిచ్చుకకి అప్పజెబుదాం."

పిచ్చుక అంటే క్లబ్బులో కొత్తగా సహాయకురాలిగా కుదిరిన కాలేజీ అమ్మాయి. గోధుమరంగు బెల్టు. మడమ నేలకు ఆనకుండా గెంతుతూ నడుస్తుంది కాబట్టి పిల్లలే ఆ పేరు పెట్టారు.

"పిచ్చుకకా? నిన్నగాక మొన్న వచ్చింది మావయ్యా."

"మొన్నొస్తేనేం? పిల్లలు దానికి అతుక్కుపోయారు. దాని దగ్గర నవ్వుతారే వాళ్ళు."

"నా దగ్గర ఏడుస్తున్నారా?"

"ఏడవరు. నవ్వరు కూడా," అన్నారాయన, దిండు సర్దుకుంటూ. "బెల్టు పరీక్ష కానీ. ఆ తర్వాత పిల్లల బ్యాచ్ ఎవరిదో శాశ్వతంగా తేల్చేస్తా. ఈలోగా దానికి ఎదురు నిలబడే పద్ధతి ఒక్కటి చెప్పు. అదొక్కటే తెలీదు దానికి."

"సరే మావయ్యా," అంది మేనకోడలు. ఆ 'సరే'ను గుర్తుంచుకోవాలి.

ఎదురు నిలబడే పద్ధతి చాలా చిన్న విషయం. కటా అంటే లేని శత్రువుతో వరుస తప్పకుండా సాగించే పోరు. పిల్లలు నేర్చే మొదటి కటా ఎడమకు తిరగడంతో మొదలవుతుంది. నేర్పేవాళ్ళు పిల్లలకు ముఖాముఖి నిలబడినప్పుడు మాత్రం తాము కుడికి తిరగాలి. అప్పుడే, అద్దంలో బొమ్మను అనుకరించినట్టు, పిల్లలు తమ ఎడమకు తిరుగుతారు. ఆ వయసు పిల్లలు చెవితో నేర్చుకోరు, కంటితో నేర్చుకుంటారు. నోటితో 'ఎడమ' అని ఎంత అరిచినా, ఎదుటి మనిషి ఏ గోడ వైపు తిరిగితే వాళ్ళూ ఆ గోడ వైపే తిరుగుతారు. ఇది ఎవరికీ తనంతట తాను తట్టదు. ఒకరు చెప్పాలి. మేనకోడలికి ఒకప్పుడు మావయ్య చెప్పారు.

చెబుదామనే ఆమె మరునాడు కాస్త ముందుగా వెళ్ళింది. ఆ మాటా ఒప్పుకుందాం.

ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరిన పిల్లల నడుముకు తొలి ముడి పిల్లల బ్యాచ్ చూసేవాళ్ళే వెయ్యాలి. ఇన్నేళ్ళూ ఆ ముడులన్నీ ఆమె చేతివే. ఆ సాయంత్రం ముందుపళ్ళు ఊడిన ఒక కొత్త పిల్లాడు తెల్ల బెల్టు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆమె అలవాటుగా మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది. వాడు పక్కకు తప్పుకున్నాడు.

"పిచ్చుకక్క వేస్తుంది."

"నేను వేస్తే ఏంరా? ఊడిపోతుందా?"

"ఊడదు. పొట్ట నొక్కుకుంటుందంట. మా అన్న చెప్పాడు."

హాలంతా నవ్వింది. అందులో ఆమె కూతురి నవ్వు కూడా ఉంది. ఏడేళ్ళ పాప, పిచ్చుక మోచేతికి వేలాడుతూ, కిలకిలా నవ్వింది. మేనకోడలు లేచి చెప్పుల అర దాకా వెళ్ళింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఆమె ఎన్నోసార్లు వాడింది, ఇతరుల గురించి. ఆ రోజు మొదటిసారి తాను చెవినని తెలిసింది.

అక్కడి నుంచే చూసింది. తెల్ల బెల్టు పిల్లలకు ఆ రోజే తొలి కటా మొదలు. పిచ్చుక పిల్లలకు ఎదురుగా నిలబడి, నిజాయితీగా, తన ఎడమకు తిరిగింది. ఆ వైపు కిటికీలున్నాయి. పిల్లలంతా ఒక్కపెట్టున కిటికీల వైపు తిరిగారు, అంటే తమ కుడికి. అందరి ముక్కులూ ఒకే దిక్కున ఉండడంతో పిచ్చుక కళ్ళకు అది ముచ్చటగా కనిపించింది.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి గెంతుతూ వచ్చి, "అక్కా, బాగా వస్తోందా? ఏమన్నా తప్పులుంటే చెప్పండక్కా, ఏమీ అనుకోను," అంది.

"బాగానే ఉంది," అంది మేనకోడలు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. మేనకోడలికి అంత శ్రమ కూడా అక్కరలేకపోయింది. ఊరుకుంటే సరిపోయింది.

వారాలు గడిచాయి. పెద్దల బ్యాచ్ కోసం ఎదురుచూస్తూ ఆమె రోజూ ఆ వరుసను చూసేది. కిటికీ వైపు తిరిగిన ప్రతి చిన్న వీపూ ఆమెకు చల్లగా అనిపించేది, మంట మీద తడిగుడ్డ వేసినట్టు. అంతలోనే పిచ్చుక ఎవరి ముక్కో తుడిచేది, ఎవరో పిల్లలు ఆ అమ్మాయి మెడకు వేలాడేవాళ్ళు, మంట మళ్ళీ రాజుకునేది.

పరీక్ష దగ్గరపడిన ఒక ఆదివారం ఉదయం, ఇంట్లో కుర్చీలు గోడకు జరిపి, ఆమె కూతుర్ని నిలబెట్టింది.

"ఇటు కాదు. పుట్టుమచ్చ ఉన్న చేతి వైపు తిరుగు."

"పిచ్చుకక్క ఇటే తిరిగింది కదమ్మా!"

"నేను చెప్పినట్టు చెయ్యి."

పాప పుట్టుమచ్చ చూసుకుని తిరిగింది. కాసేపు ఆలోచించింది. "మరి పుట్టుమచ్చ లేనివాళ్ళకి ఎటు తిరగాలో ఎలా తెలుస్తుంది?"

"వాళ్ళ సంగతి నీకెందుకు?"

పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తున్న భర్త తలెత్తాడు. "ఏంటోయ్, క్లాసుకొక కరాటే, కూతురికొక కరాటేనా?"

"మీ పని మీరు చూసుకోండి."

"చూసుకుంటున్నా. నువ్వు కాస్త దగ్గరికి రా, నీ కడుపుమంటకి ఇస్త్రీపెట్టె తొందరగా వేడెక్కుతుంది. కరెంటు కలిసొస్తుంది."

ఆమె నవ్వలేదు. అతను యూనిఫాం మడత పెట్టి, తన మాటను కూడా అందులోనే మడిచేశాడు. అతనికి అర్థమైందని ఆ మడతలోనే తెలుస్తోంది.

పరీక్ష రోజు తల్లిదండ్రులు గోడల వెంట కిక్కిరిసిపోయారు. చేతికర్రతో మాస్టారు వచ్చారు. పరీక్ష పెట్టడానికి పట్నం క్లబ్బు నుంచి వచ్చిన పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయన పక్కన బల్ల మీద కొత్త పసుపు బెల్టులు. వాటిని ముందురోజు పిచ్చుకే ఒక్కొక్కటిగా చుట్టి పేర్చింది. నియమం ప్రకారం పరీక్షలో ఎవరూ ఎదురుగా నిలబడి చూపించరు. పిల్లలు చూసినదాన్ని గుర్తు తెచ్చుకుని చెయ్యాలి.

మాస్టారు ఆజ్ఞ ఇచ్చారు. వరుస కిటికీల వైపు తిరిగింది, ఒక్క పాప తప్ప.

పాప చెప్పుల అర వైపు తిరిగింది. ఆమెకు ఎడమ పక్కనున్న పళ్ళూడిన పిల్లాడు ఆమె వైపే తిరిగి ఉన్నాడు. ఇద్దరూ నేర్చుకున్నట్టే చెరొక అడుగు ముందుకు వేశారు. నుదురూ నుదురూ ఠపీమని తగిలాయి. వాడు చతికిలబడ్డాడు. పాప చుట్టూ చూసింది. అందరూ ఒక వైపు, తనొక్కతే ఒక వైపు. తప్పు తనదే అనుకుని, ఏడుస్తూ, తనూ కిటికీ వైపు తిరిగింది.

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "సరిగ్గా తిరిగింది నువ్వొక్కదానివేనమ్మా. ఏడవకు. నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ."

"అమ్మ ఇక్కడ నేర్పుతుందా? మరి మిగతా..."

"చాలు పాపా, వరుసలోకి వెళ్ళు," అన్నారు మాస్టారు, అవసరమైన దానికన్నా గట్టిగా. ఆయన మేనకోడలి వైపు చూడలేదు. చూడనవసరం లేకపోయింది. పిచ్చుక వైపు తిరిగారు. "ఎదురు నిలబడే పద్ధతి తెలీదా నీకు? తెలీకపోతే అక్కని అడగొద్దూ?"

పిచ్చుక ముఖంలో రక్తం లేదు. ఆ అమ్మాయి మేనకోడలి కళ్ళలోకి చూసింది. 'బాగానే ఉంది' అన్న మాట ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఒక్క మాటతో ఆ అమ్మాయి దాన్ని అందరి ముందూ పెట్టగలిగేది.

"అడగలేదు మాస్టారూ," అంది పిచ్చుక. "తప్పు నాదే." నడుము వంచి వందనం చేసింది, ముందు మాస్టారికి, తర్వాత పిల్లలకు.

అది అబద్ధమని ఆ హాల్లో ఇంకొకరికి తెలుసు. ఆమె ఊరుకుంది, రెండోసారి.

వరుసంతా తప్పింది. పాప ఒక్కతే పాసైంది. "ఆ కాలేజీ పిల్ల చేతిలో పెట్టినప్పుడే అనుకున్నాం," అంటూ తల్లిదండ్రులు మెట్లు దిగారు. పిచ్చుక మిగిలిన పసుపు బెల్టులు డబ్బాలో సర్ది, మూత పెట్టి, మడమలు నేలకు ఆనించి నడుస్తూ వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక మాస్టారు తాళంచెవి మేనకోడలి అరచేతిలో పెట్టారు.

"పిల్లల బ్యాచ్ నీదే. నీకు కావలసింది ఇదేగా?"

"మావయ్యా, నేను..."

"ఏమీ చెప్పకు. చెప్పవలసినప్పుడు చెప్పలేదుగా." ఆయన కర్ర చప్పుడు మెట్ల మీద చాలాసేపు వినిపించింది. ఇంటి పరువు బజారుకెక్కకుండా ఆయన కాపాడుకున్నారు. ఎవరి పరువుతో కాపాడుకున్నారో మాత్రం ఆలోచించలేదు.

తర్వాతి క్లాసులో ఆమె తన చోట, పిల్లలకు ఎదురుగా నిలబడింది. పళ్ళూడిన పిల్లాడు బెల్టు చేత్తో పట్టుకుని, "పిచ్చుకక్క ఎప్పుడొస్తుంది?" అన్నాడు. ఆమె కూర్చుని ముడి వేసింది, ఎంత వదులుగా వెయ్యగలదో అంత వదులుగా. వాడు ఊపిరి బిగబట్టే నిలబడ్డాడు.

కూతురు తెల్ల బెల్టుతోనే వచ్చింది. పసుపుది ఎక్కడని అడిగితే, పోయిందంది.

ఆమె పద్ధతి ప్రకారం కుడికి, చెప్పుల అర వైపు తిరిగింది. కొందరు పిల్లలు తడబడుతూ ఆమెను అనుసరించారు, కొందరు అటూ ఇటూ అయ్యారు. పాప మాత్రం ముందు తన పుట్టుమచ్చ చూసుకుంది. చూసుకుని, తల్లి కళ్ళలోకి చూస్తూ, నింపాదిగా కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ అటే తిరిగింది.

పిచ్చుక ఈ రోజుకీ ఆ వీధిలోనే ఉంటుంది. క్లబ్బు మెట్ల ముందు నుంచి వెళ్ళవలసి వస్తే అవతలి వైపుకు దాటుతుంది. మాస్టారు మాట్లాడరు, భర్త మాట్లాడడు, మేనకోడలు అసలే మాట్లాడదు. ఇక తెలిసినవాళ్ళు మీరే మిగిలారు. తిలా పాపం తలా పిడికెడని పంచిపెట్టి చేతులు దులుపుకోకండి. మొదట అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. ఆ అమ్మాయికి ఎదురుగా నిలబడి జవాబు చెప్పండి: తప్పు ఎవరిది?